ఏడు రికార్డుల్లో ఒకే వాక్యం

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందటి ఏడాది, జూలై నెల మొదటి వారంలో, మా ప్రిన్సిపాల్ నాకొక పని అప్పగించారు. అప్పటికి నేను పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక వైద్య కళాశాలలో జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌గా, ఒక యూనిట్ చీఫ్‌గా చేరి రెండేళ్లయింది. అంతకు ముందు ఉద్యోగమంతా కోస్తా ఆంధ్రలోనే గడిచింది. యూనిట్ అంటే కొన్ని పడకలు, వాటిలోని రోగులు, వారిని చూసుకునే ఒక అసోసియేట్ ప్రొఫెసర్, ఇద్దరు జూనియర్ డాక్టర్లు. అందరి మీదా చివరి మాట చీఫ్‌ది, చివరి బాధ్యతా చీఫ్‌దే.

మూడో సంవత్సరం ఎంబీబీఎస్ విద్యార్థులు చదువుకు ఏఐని ఎలా వాడుతున్నారో, దాని గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకుని నేను అకడమిక్ కమిటీకి రెండు పేజీల నివేదిక ఇవ్వాలి. అనుమతించాలా, నిషేధించాలా అన్నది కమిటీ తేలుస్తుంది. ఈ పని నాకెందుకని అడిగాను. "మీకు దాని మీద మోజూ లేదు, కోపమూ లేదు" అన్నారాయన. మోజు లేదన్నది నిజం. కోపం లేదన్నది ఆయన అంచనా.

ముందు విద్యార్థులను లెక్చర్ హాల్లో కూర్చోబెట్టి అడిగాను. అందరూ నాకు నచ్చుతుందనుకున్న మాటే చెప్పారు. టెక్స్ట్‌బుక్కుకు సాటి లేదన్నారు. దాంతో పేర్లు రాయకుండా చీటీల మీద రాసివ్వమన్నాను. చీటీల్లో మాట మారింది. ఒకరు, పుస్తకంలో ఒక పేజీ అర్థం కావడానికి గంట పడుతోందని, ఏఐ దాన్నే హిందీలో పది నిమిషాల్లో చెబుతోందని రాశారు. ఇంకొకరు, అది తప్పు చెప్పినా తడబడకుండా చెబుతుందని, అందుకే భయమని రాశారు. సెలవులకు ఓడలో కార్ నికోబార్ దీవికి వెళ్లిన ఒక విద్యార్థికి దారిలో నెట్ లేదు. పుస్తకం ముందు పెట్టుకుని ఏం చదవాలో తోచలేదట. ఒక చీటీలో రెండే ముక్కలున్నాయి: "అది కసురుకోదు." చిలిపిగా రాశారనుకుని దాన్ని పక్కన పెట్టాను.

సరిగ్గా ఆ వారమే మా యూనిట్‌లో వార్డు శిక్షణ పోస్టింగ్‌లో ఉన్న పన్నెండు మంది విద్యార్థుల కేస్ రికార్డులు సంతకానికి వచ్చాయి. విద్యార్థి వార్డులో ఒక రోగితో మాట్లాడి, జబ్బు చరిత్ర రాసుకుని, పరీక్ష చేసి, జబ్బు ఏమై ఉంటుందో రాసేది కేస్ రికార్డు. దాని మీద చీఫ్ సంతకం లేకపోతే ఇంటర్నల్ మార్కులు పడవు. అవి లేకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు.

ఆ వారం వాళ్లకిచ్చిన రోగి పేరు ఎర్రయ్య. హార్బర్‌కు అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో సుపారీ వక్కల తోట పని చేసుకునే మనిషి, అరవై దాటినవాడు. అయిదు రోజుల జ్వరం, ఒళ్లంతా నొప్పులతో చేరాడు. వార్డు నిండా డెంగ్యూ కేసులున్న రోజులవి. ఈయనకూ ప్లేట్‌లెట్లు తగ్గాయి. నేను డెంగ్యూ అని నిర్ణయించాను. డెంగ్యూకు ప్రత్యేకమైన మందు లేదు కనుక సెలైన్ పెట్టి కనిపెట్టి ఉండమన్నాను.

పన్నెండు రికార్డుల్లో ఏడింట ఒక ఇంగ్లీషు వాక్యం అక్షరం తేడా లేకుండా ఉంది. రోగికి జంతువులతో ఎటువంటి సంబంధమూ లేదని నిర్ధారించడమైనదని దాని అర్థం. సెలవు చీటీ కూడా తప్పుల్లేకుండా రాయలేని విద్యార్థుల రికార్డుల్లో ఆ ఇంగ్లీషు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాలేదు. ఏడో రికార్డు భవాని అనే అమ్మాయిది. అందులో ఆ వాక్యం పెన్నుతో కొట్టేసి ఉంది. దాని బదులు ఏమీ రాసి లేదు. నేను ఆరా తీస్తున్నానని తెలిసి కొట్టేసిందనుకున్నాను. నా నివేదికకు కావలసిన సాక్ష్యం దొరికినట్టే అనిపించింది.

గురువారం ఉదయం ఆ ఏడుగురినీ ఒక్కొక్కరిగా నా గదికి పిలిచాను. అసోసియేట్ ప్రొఫెసర్ పక్కన కూర్చున్నారు. ఆరుగురు వెంటనే ఒప్పుకున్నారు. రాసుకున్న నోట్స్ ఏఐకి ఇచ్చి రికార్డుగా మార్చమన్నారట. రికార్డు సొంతంగా రాయనివాళ్లు నిబంధన ప్రకారం పోస్టింగ్ మొత్తం మళ్లీ చేయాలి. అంటే ఆ ఏడాది పరీక్ష తప్పినట్టే.

భవాని చివరగా వచ్చింది. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి దీవులకు వచ్చి స్థిరపడ్డాడు. తండ్రి హాడో వార్ఫ్ రేవులో క్రేన్ ఆపరేటర్. తెలుగు మాట్లాడుతుంది గానీ మధ్యలో హిందీ మాటలు దొర్లుతాయి, చదవడం అంతంత మాత్రం.

"ఈ వాక్యం ఏఐ రాసిందేనా?" అని అడిగాను.

"ఇంగ్లీష్ దానిదే సార్. బాత్... సంగతి దానిది కాదు."

"మరెవరిది?"

ఆమె అసోసియేట్ ప్రొఫెసర్ వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "మీది సార్. సోమవారం రౌండ్స్‌లో ఇంట్లో జంతువులున్నాయా అని మీరే అడిగారు. ఆయన లేవన్నాడు. మీరు మా వైపు తిరిగి, నో యానిమల్ కాంటాక్ట్, రాసుకోండి అన్నారు. అందరం రాసుకున్నాం."

నేనా మాట అన్నాను. రౌండ్స్‌లో అలాంటివి రోజుకు ఇరవై అంటాను.

"మరి నువ్వెందుకు కొట్టేశావు?"

"నేను ఏఐతో వైవా ప్రాక్టీస్ చేస్తాను సార్. అది ప్రశ్నలడుగుతుంది, నేను జవాబు చెప్తాను. ఏ జంతువులని అడిగావు, ఎలుకలు, పందుల సంగతి అడిగావా, నీళ్లలో దిగాడేమో అడిగావా అంది. నేను అడగలేదు. అందుకని మంగళవారం సాయంత్రం వార్డుకెళ్లి మళ్లీ అడిగాను. పక్కింటి వాళ్లకి సువర్లు... పందులు ఉన్నాయి సార్. అక్కడి కాలవ ఈయన తోటలోంచే పోతుంది. జ్వరానికి ముందు వారం రోజులు అందులో దిగి మట్టి తీశాడు. కాలికి పుండు కూడా ఉంది."

అది లెప్టోస్పైరోసిస్ కథ. ఎలుకలు, పందుల మూత్రం కలిసిన నీటి నుంచి, ముఖ్యంగా ఒంటి మీద గాయాల గుండా సోకే జ్వరం అది. ఈ దీవులకు కొత్తది కాదు. కిడ్నీలను దెబ్బ తీయగలదు. దానికి మందుంది, త్వరగా మొదలుపెట్టాలి. ఆ పాఠం ఆ విద్యార్థులకు చెప్పింది నేనే.

"మంగళవారం తెలిసింది. ఇవాళ గురువారం. ఎవరికి చెప్పావు?"

"ఏఐకి చెప్పాను సార్. వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పమంది. రెండుసార్లు వార్డు దాకా వెళ్లాను. మీరు లేదన్నదాన్ని నేను ఉందని ఎలా చెప్పాలి సార్? లాస్ట్ ఇయర్ నేను జాండిస్‌ని హిందీలో పీలియా అన్నానని, ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా అని మీరు అన్నారు. సబ్ నవ్వారు."

నాకు అది గుర్తు లేదు. ఆమెకు ఉంది. దాని గురించి అప్పుడు ఏమీ అనకుండా లేచి వార్డుకు నడిచాను. వాళ్లిద్దరూ నా వెనకే వచ్చారు.

ఎర్రయ్య పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. పిక్క నొక్కితే మూలిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సోమవారం కూడా ఉండే ఉంటాయి. మూత్రం కొలిచి రాసే చార్టులో అంకెలు ముందురోజు నుంచి పడిపోతున్నాయి.

"మొన్న జంతువులు లేవన్నావు కదా?" అని అడిగాను.

"నేవు కదా బాబూ. మా ఇంట్లో కోడిపిల్ల కూడా నేదు. పందులు పక్కింటోళ్లవి. తమరు ఇంట్లో ఉన్నాయా అనడిగారు, నేవన్నాను." భవాని వైపు చెయ్యి చూపించాడు. "ఈ బేటీ వచ్చి వీధంతటి సంగతీ అడిగింది."

అరగంటలో యాంటిబయాటిక్ మొదలైంది. రక్తం లాబ్‌కు వెళ్లింది. రెండు రోజులకు లెప్టోస్పైరోసిస్ అని రిపోర్టు వచ్చింది. కిడ్నీ పరీక్ష ఫలితాలు నాలుగు రోజులు పెరుగుతూ పోయి, ఆ తర్వాత దిగడం మొదలుపెట్టాయి. డయాలసిస్ దాకా వెళ్లలేదు. మందు మొదలైన పన్నెండో రోజున కొడుకు వచ్చి ఎర్రయ్యను ఫెర్రీలో ఇంటికి తీసుకుపోయాడు. మంగళవారమే మందు పడి ఉంటే కిడ్నీలు అంత దూరం వెళ్లేవి కావేమో. అది ఖాయంగా చెప్పలేను. సోమవారం నేను ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే ఈ సంగతి రాయవలసిన అవసరం ఉండేది కాదన్నది మాత్రం ఖాయం.

నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడు అసోసియేట్ ప్రొఫెసర్ ఒక సలహా ఇచ్చారు. "మీ మాట ఏ కాగితం మీదా లేదు సార్. విద్యార్థుల తప్పు కాగితం మీద ఉంది. ఉన్నదే రాద్దాం." ఆయన నా మంచి కోరే అన్నారు. పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. ఆ సాయంత్రమంతా ఆ సలహా పాటించేవాడిలాగే ఉన్నాను. అలా రాస్తే ఆరుగురి ఏడాది పోతుంది, అసలు తప్పు చేసిన నా పేరుతోనే నివేదిక వెళ్తుంది. మర్నాడు ఉదయం జరిగింది జరిగినట్టు రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చాను.

ఆరుగురి పోస్టింగ్ రద్దు కాలేదు. పడక దగ్గరికి వెళ్లి చరిత్ర మళ్లీ అడిగి, చేత్తో రాసి తెచ్చారు. భవానిని పిలిచి, రోగికి సంబంధించిన సంగతి తెలిసి రెండు రోజులు దాచడం డాక్టర్‌కు తగనిదని చెప్పాను. దాచేలా చేసింది నేనని కూడా చెప్పాను. "జీ సార్" అంది.

నివేదికలో మూడు సిఫార్సులు చేశాను. చదువుకోవడానికి, ప్రాక్టీస్‌కు ఏఐని నిషేధించనక్కర లేదు. కేస్ రికార్డు మొదటి పేజీలో రోగి చెప్పిన మాటలు, అతను ఏ భాషలో చెప్తే ఆ భాషలో, విద్యార్థి చేతి రాతలోనే ఉండాలి. రౌండ్స్‌లో అందరికంటే జూనియర్ ముందు మాట్లాడాలి, చీఫ్ చివర మాట్లాడాలి. కమిటీ మొదటి రెండూ ఆమోదించింది. మూడోది బోధనా సిబ్బంది పనితీరుకు సంబంధించినదని, విచారణ పరిధిలోకి రాదని పక్కన పెట్టింది. నేను రిటైరయ్యే దాకా మా యూనిట్‌లో అది నడిచింది. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. మూడో వారంలో ఒక విద్యార్థి నేను రాసిన మందు మోతాదు ఎక్కువైందన్నాడు. చూస్తే అతను పొరబడ్డాడు. లెక్క ఎలా కట్టాలో చూపించి, రౌండ్స్ ముందుకు సాగించాను.

ఆ వారం నేను నేర్చుకున్నది ఇంతే. రికార్డులో ఇంగ్లీషు ఎవరిదో కనిపెట్టడం తేలిక. అందులోని సమాచారం ఎవరిదో తెలుసుకోవాలంటే పడక దగ్గరికి వెళ్లి మళ్లీ అడగాలి. జూనియర్లు చీఫ్‌కు ఎదురు చెప్పలేని వార్డులో ఎంత మంచి సాధనం చేతిలో ఉన్నా, రోగికి అక్కరకు రావలసిన మాట ఆ సాధనం దగ్గరే ఆగిపోతుంది.