మా సామి హెల్మెట్‌లో గాలి హోరు

మా ఆయన పేరు ఆరోగ్యస్వామి. ఆ పేరు చెబితే ఈపూరులో ఎవరికీ తెలియదు, మోటార్ల సామి అనాలి. బోరులో మోటారుకు ఏం రోగమో దాన్ని పైకి లాగకుండానే చెప్పేస్తాడు. స్క్రూడ్రైవరు మొనను బోరు పైపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. బేరింగు అరిగిందా, ఇసుక పట్టిందా, నీళ్ళే అడుగంటాయా, అన్నీ ఆ చప్పుడులోనే తెలుస్తాయట. నాకైతే అన్నీ ఒకటే గురగుర.

నేను శౌరమ్మను, ఆయన భార్యను. వినుకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. రోజూ పొద్దున్నే నన్ను బండి మీద వినుకొండలో దింపి, అక్కణ్ణుంచి తన పనులకు పోతాడు. మా క్యాజువాలిటీకి వచ్చే పగిలిన తలకాయలు చూస్తే ఎంత మొండివాడికైనా బుద్ధొస్తుంది. అందుకే నాలుగేళ్ళ కిందట, హెల్మెట్ లేకపోతే నీ బండి ఎక్కనని పట్టుబట్టి కొనిపించాను. పెట్టుకున్న మొదటిరోజే సణుగుడు మొదలైంది.

"ఏందే ఇది, చెవుల్లో తూర్పారబడతన్నట్టుంది!"

"బండి మీద పోతే గాలి కొట్టకుండా ఎట్టుంటదయ్యా? నోరు మూసుకుని పెట్టుకో" అన్నాను. పాపం, మూసుకునే పెట్టుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ హోరు నాకు కలిసొచ్చింది. మూడేళ్ళ కిందట మా అమ్మకు పక్షవాతం వచ్చింది. మా అన్నలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, ఈయన ఒక్క మాటా మాట్లాడకుండా ఆటో పిలుచుకొచ్చి అమ్మను మా ఇంటికి తీసుకొచ్చాడు. అల్లుడు ఎదురొస్తే తలుపుచాటుకు తప్పుకునే మనిషి మా అమ్మ. అలాంటిదాన్ని రోజూ ఆయనే చేతుల మీద ఎత్తి వరండాలో ఎండకు కూర్చోబెడతాడు. మొదట్లో అమ్మ సిగ్గుతో కొంగు మొహాన కప్పుకుని ఏడ్చేది. "ఏడవబాకత్తా, నాకు మాత్రం అమ్మ ఉందా ఏంది?" అనేవాడు.

ఇంత చేసినా నేను ఆయనతో ఒక్కసారైనా "మేలు చేశావయ్యా" అనలేదు. కట్టుకున్నవాడితో ఎవరంటారు ఆ మాట? నోరు తెరిస్తే నాకు ముందు తిట్లే వస్తాయి. కానీ బండి ఎక్కాక, ఆ హోరులో ఆయనకు ఒక్క ముక్కా వినపడదన్న ధైర్యంతో, మనసులో ఉన్నదంతా వెనక కూర్చుని పైకే చెప్పుకునేదాన్ని. వినుకొండ వచ్చేసరికి గుండె తేలికయ్యేది. అప్పుడప్పుడూ ముందు ఆయన హెల్మెట్ ఊగేది. వదులుగా ఉంది కదా, గాలికి ఊగుతోందనుకునేదాన్ని.

ఈ ఏడు మిరపతోటలకు తడులు పెట్టే రోజుల్లో ముప్పు వచ్చిపడింది. ఈయన దూరం నుంచి బండి మీద వచ్చి, తొందరలో ఎప్పట్లా కాసేపు ఆగకుండా, దిగీ దిగగానే రామయ్య మామ బోరుకు చెవి పెట్టాడు. చెవుల్లో గాలి హోరు ఇంకా తగ్గలేదు. మోటారుకేం లేదని చెప్పి వచ్చేశాడు. ఆ సాయంత్రానికే అది కాలిపోయింది. "ఏందిరా సామీ, చెవుడొచ్చిందా?" అని రామయ్య మామ నలుగురిలో అడిగాడట. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. హెల్మెట్ తీసి కొక్కేనికి తగిలించాడు.

"ఇంక పెట్టనే. నా కూడు నా చెవుల్లో ఉంది. అయ్యి పోతే నన్నెవడు పిలుస్తాడు?"

"తలకాయే పోతే ఆ చెవులు దేనికి తగిలించుకుంటావయ్యా?"

హెల్మెట్ వైపు చూడకుండా పోయి పడుకున్నాడు. మర్నాటి నుంచి నేను బస్సెక్కాను. ఆ మొండి మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని బస్సు వెనకాలే బండి మీద వచ్చేవాడు. కిటికీలోంచి చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. క్యాజువాలిటీ తలుపు తెరుచుకుంటే చాలు, స్ట్రెచర్ మీద ఎవరున్నారోనని ప్రాణం ఎగిరిపోయేది.

చివరికి ఆ హెల్మెట్‌ను సంచిలో వేసుకుని, బస్టాండు దగ్గర బండ్ల సీటు కవర్లు కుట్టే మన్సూర్ దగ్గరికి పోయాను. లోపల దూదో స్పాంజో పెట్టి కుట్టమన్నాను. "తల చూడకుండా ఎట్టా కుట్టేది వదినా? అన్నని పిలువు" అన్నాడు. ఫోన్లో బతిమాలితే వచ్చాడు మహానుభావుడు.

"పెట్టుకో అన్నా" అన్నాడు మన్సూర్. ఈయన అలవాటుగా తువ్వాలు తలకు చుట్టి, దాని మీద హెల్మెట్ దించాడు.

"ఆగాగు. కొనేటప్పుడు కూడా తువ్వాలు మీదనే పెట్టి చూశావా?" అని అడిగాడు మన్సూర్.

"మరి? తువ్వాలు లేకుండా నేనెప్పుడు తిరిగా?"

మన్సూర్ తువ్వాలు లాగేసి ఉత్త తలకు హెల్మెట్ పెట్టాడు. అది కళ్ళ మీదికి జారి గిర్రున పక్కకు తిరిగింది. నేను పకపకా నవ్వాను. "నవ్వొద్దు వదినా. కింద ఇంత సందుంటే గాలి దూరి హోరెత్తకేం చేస్తది? కిందపడితే ఇది ముందే ఊడి పోతది" అన్నాడు. నేను నవ్వడం ఆపి ఆ హెల్మెట్‌ను ఆయన తల మీంచి తీసేశాను.

ముగ్గురం కలిసి పోయి ఉత్త తలకు సరిపోయేది, దవడలకు బిగుతుగా పట్టేది చూసి కొన్నాం. మన్సూర్ దాని కింది అంచుకు మెత్తటి గుడ్డ అంచు కుట్టి, మెడ చుట్టూ సందు లేకుండా చేశాడు. తువ్వాలు ఇక మెడకే చుట్టుకొమ్మన్నాడు. ఆ ఆదివారం గుడిలో మా ఇంట్లోవాళ్ళ పేర్లతో పాటు మన్సూర్ పేరు కూడా దేవుడికి చెప్పుకున్నాను. మరి, నా ఇంటి దీపాన్ని కాచినవాడు కదా!

కొత్త హెల్మెట్ పెట్టుకుని ఈయన తిన్నగా రామయ్య మామ పొలంలో మళ్ళీ బిగించిన మోటారు దగ్గరికే పోయాడు. నేను డ్యూటీలో ఉండగా ఫోన్. "వినపడతందే! దిగంగానే చెవి పెట్టా. ఎప్పట్లాగే చానా తేటగా వినపడతంది!" చిన్నపిల్లాడిలా అరిచాడు. నేను మందుల గదిలోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు బస్సు మానేసి బండెక్కాను. ఊరు దాటాక, మిరప తోటల మధ్య, అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. "నువ్వు లేకపోతే మా అమ్మ ఏ అరుగు మీద పడి ఉండేదో. నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకున్నా నీ రుణం తీరదయ్యా. నా తోడబుట్టినవాళ్ళు చేయంది నువ్వు చేశావు..."

బండి నెమ్మదించింది. రోడ్డు పక్కన ఆగింది. పంక్చరేమో అనుకుని దిగాను. ఆయన హెల్మెట్ తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రోజూ ఇదేనా నువ్వు అనేది?"

సిగ్గుతో చచ్చిపోయాను. "వినపడిందా?"

"అద్దంలో నీ పెదాలు ఆడటం రోజూ చూస్తానే ఉన్నా. తిడతన్నావనుకున్నా. మూడేళ్ళ నుంచీ. ఏం తప్పు చేశానో తెలవక, సరేలే సరేలే అని తల ఊపుతా వస్తన్నా."

ఆయన మెడలో తువ్వాలుతో ముందు నా కళ్ళు తుడిచి, తర్వాత తనవి తుడుచుకున్నాడు. హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు.

"ఎక్కు. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."