నట్టు మీద ఎర్ర గీత

భీమారావు విమానం కడుతున్నాడన్న సంగతి కెనడాలోని విండ్సర్‌లో తెలియని తెలుగువాళ్లు లేరు. కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది వెనకాల నవ్వుకున్నారు. "కారుకి వింటర్ టైర్లు మార్పించుకునే తీరిక లేదు గానీ, విమానం కడతాడట!" అని ఎవరో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో అన్న మాట చుట్టూ తిరిగి అతని చెవినే పడింది. భీమారావు నవ్వి ఊరుకున్నాడు. కార్ల ప్లాంటులో ఇరవై ఏళ్లకు పైగా పని చేసినవాడికి, ఇంజనంటే భయం లేదు. అదే వచ్చిన చిక్కు.

రెండు సీట్ల చిన్న విమానం. రెక్కలు, తోక, చక్రాలు కిట్‌గా వచ్చాయి. ఊరి బయట ఎయిర్‌ఫీల్డులో విమానాలు పెట్టుకునే హ్యాంగర్ ఒకటి అద్దెకు తీసుకుని, సెలవు రోజుల్లో ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చాడు. ఆ పనంతా ఒక ఎత్తు, ఇంజన్‌కి హోస్ పైపులు ఎంచుకోవడం ఒక ఎత్తు. పెట్రోలు తెచ్చే పైపు, ఆయిల్ తిరిగే పైపులు, వాటి చివర బిగించే ఫిట్టింగులు కిట్‌లో రావు. కట్టేవాడే చూసి తెచ్చుకోవాలి. భీమారావుకి దానికే రెండు చలికాలాలు పట్టింది.

మొదట ధీమాగా కార్ల విడిభాగాల షాపుకెళ్లి ఇత్తడి ఫిట్టింగులు తెచ్చాడు. మర చక్కగా ఎక్కింది. ఎక్కింది కదా అని సంబరపడి, ఎందుకో అనుమానం వచ్చి కొలిచి చూస్తే అసలు తేడా బయటపడింది. కారు ఫిట్టింగుకు లోపల ఉండే వాలు వేరు, విమానం ఫిట్టింగు వాలు వేరు. పైకి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. బిగిస్తే బిగుసుకుంటాయి. లోపల మాత్రం ఒకదాని మీద ఒకటి కూర్చోవు, పెట్రోలు కారుతుంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, కలుపుకోకుండా అలాగే ఉండిపోయాడు.

తర్వాత నీలం రంగు అల్యూమినియంవి తెచ్చాడు. అతని భార్య కనకదుర్గ ఒకటి చేతిలోకి తీసుకుని, "బలే ముద్దుగా ఉన్నాయండీ, గాజుల్లాగా" అంది.

"ముద్దుగానే ఉంటాయి. ఇంజన్ దగ్గర నిప్పంటుకుంటే ఇవే ముందు కరుగుతాయట. నిన్ననే చదివాను. స్టీలువి తేవాలి."

"నిప్పంటుకోవడమేంటండీ?" అంది కనకదుర్గ. చేతిలోది బల్ల మీద పెట్టేసింది.

రబ్బరు హోస్ చెప్పినట్టు వంగుతుంది గానీ, లోపల్లోపలే ముసలిదైపోతుంది, పైకి కొత్త పెళ్లికొడుకులాగే కనిపిస్తుంది. టెఫ్లాన్‌ది ఏళ్ల తరబడి ఉంటుంది గానీ ఒక్కసారి మడత పడిందా, ఇక పారేయడమే. భీమారావు చదివి చదివి, పది మందిని అడిగి, చివరికి టెఫ్లాన్ హోసులు, స్టీలు ఫిట్టింగులు, వాటి మీద మంట తగలకుండా లావాటి తొడుగులు తెప్పించాడు. అవి పెట్టెలో వచ్చిన రోజు కనకదుర్గ ఒక్కటే అడిగింది.

"మీరు ఎగురుతానంటే నేను కాదనను. పైకెళ్లాక ఆ పెట్రోలు పైపు ఊడదు కదా? ఆ ఒక్కమాట చెప్పండి, చాలు."

"ఊడదు. బిగించాక ప్రతి నట్టు మీదా ఎర్ర పెయింటుతో గీత పెడతాను. గీత ఉందంటే దాని గురించి మర్చిపో" అన్నాడు భీమారావు.

అది ప్లాంటులో అలవాటు. నట్టు మీద నుంచి దాని కింది భాగం దాకా సన్నటి గీత పెడితే, ఈ పని అయిపోయిందని అర్థం. గీత పడ్డ నట్టును మళ్లీ ఎవరూ ముట్టుకోరు. సూపర్‌వైజర్ కాకముందు, ఏళ్ల తరబడి పెయింట్ పెన్ను పట్టుకుని అసెంబ్లీ లైన్ పక్కన నిలబడ్డది భీమారావే.

దసరా వెళ్లిన వారం, ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసే రోజు వచ్చింది. హామిల్టన్‌లో నర్సుగా పనిచేస్తున్న కూతురు ధాత్రి కూడా వచ్చింది. విమానాన్ని బయటికి తోసి, తోకను ట్రక్కుకు కట్టి, చక్రాలకు దిమ్మలు పెట్టారు. ఇంజన్ మీది మూత ఇంకా బిగించలేదు. భీమారావు టార్చి వేసి ఒక్కో నట్టూ చూశాడు. అన్నిటి మీదా ఎర్ర గీత ఉంది. తృప్తిగా ఎక్కి కూర్చున్నాడు. ధాత్రి మంటలార్పే సిలిండర్ పట్టుకుని పక్కన నిలబడింది.

ఇంజన్ రెండు దగ్గులు దగ్గి అందుకుంది. ప్రొపెల్లర్ తిరిగింది. గడ్డి అంతా వెనక్కి వాలిపోయింది. దూరంగా కనకదుర్గ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతోంది. భీమారావు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో ధాత్రి అరిచింది.

"డాడ్! స్టాప్! స్టాప్ ఇట్!"

ఇంజన్ ఆపేసి కిందికి దూకాడు. పెట్రోలు పైపు కార్బురేటర్‌కి కలిసే చోట ధార కట్టి కారుతోంది, సరిగ్గా ఎగ్జాస్ట్ పైపు మీదికి. ఆ పైపు ఇంకా పూర్తిగా వేడెక్కలేదు. ఇంకాసేపు నడిచి ఉంటే ఏమయ్యేదో, పరిగెత్తుకొచ్చిన కనకదుర్గతో సహా ముగ్గురికీ అర్థమైంది.

భీమారావు ట్యాంకు వాల్వు కట్టేసి నట్టు పట్టుకున్నాడు. రెండు వేళ్లకే తిరిగింది! గీత ఉన్న నట్టు, రెండు వేళ్లకు! వేలికి ఎర్రగా అంటింది. పెయింటు అంటుకోదే అనుకుంటూ వాసన చూశాడు.

కుంకుమ.

"దుర్గా, దీనికి బొట్టు పెట్టావా?"

"ఆయుధపూజ నాడు పెట్టానండీ. మీరు షిఫ్టులో ఉన్నారు. ప్రొపెల్లర్‌కి పెట్టుకోమన్నారు కదా." ఆమె ఆ నట్టు వైపు వేలు చూపింది. "మీరు ఈ పైపుల కోసమే కదా అంత తపన పడ్డారు, వీటికీ పెడదామని చూస్తే మీరే అన్నిటికీ ఎర్రగా నిలువు బొట్లు పెట్టేసి ఉన్నారు. ఎంత భక్తి అనుకున్నా. ఇదొక్కటే బోసిగా ఉంది. వరస కలవాలని నేనూ నిలువుగానే పెట్టా."

అప్పుడు గుర్తొచ్చింది భీమారావుకి. పెట్రోలు ఎంత ధారగా వస్తోందో కొలవాలని గీత పెట్టకుండా వదిలిన ఆ నట్టును, పూజకు ముందు రోజు విప్పాడు. కొలిచాక వేళ్లతో తిప్పి పెట్టి, షిఫ్టుకు టైమైందని పరిగెత్తాడు. గీత లేదు గనక గుర్తుంటుందిలే అనుకున్నాడు.

ఆ పైన అతను అన్న మాటలు రాయడానికి బాగోవు. ఇంటి మిక్సీకీ విమానానికీ తేడా తెలియదా అన్నాడు. మీ పూజలు మనుషుల్ని చంపుతాయన్నాడు. "నా చేత్తో నేనే..." అని కనకదుర్గ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధాత్రి తల్లిని పొదివి పట్టుకుని కారులోకి తీసుకెళ్లి హీటర్ వేసింది.

భీమారావు ఒక్కడే విమానాన్ని లోపలికి తోసుకున్నాడు. కుంకుమ తుడిచి, ఆ నట్టును, బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించాడు. కోపం ఇంకా తగ్గలేదు. ఇంకెక్కడెక్కడ బొట్లున్నాయో చూద్దామని గుడ్డ తడిపి ఒక్కో గీతా రుద్దాడు. ఏదీ పోలేదు. అన్నీ పెయింటే, అన్నీ తనవే. ఇంజన్ కింద ఆయిల్ పైపు నట్టు మీది గీతను కూడా గట్టిగా రుద్దాడు. గీత చెక్కు చెదరలేదు. నట్టే తన మీది గీత ముక్కతో సహా తిరిగింది.

మళ్లీ పట్టుకుని తిప్పాడు. మళ్లీ తిరిగింది. అది తన పెయింటు, తన చెయ్యి. ఆ రోజు హోసులన్నీ అమర్చి, పెన్ను తీసుకుని వరసగా గీతలు పెట్టుకుంటూ పోవడం గుర్తుంది. ఇది బిగించడం మాత్రం, ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ప్లాంటులో బిగించేది యంత్రం. మనిషి చేసేది గీత పెట్టడమే. ఇన్నేళ్లూ తన చేతికి వచ్చిన విద్య అదొక్కటే. నేల మీద కాబట్టి పెట్రోలు కారడం కంటపడింది. ఈ ఆయిల్ పైపు గాల్లో ఊడితే చూసేదెవరు?

భీమారావు కారు దగ్గరికి వెళ్లాడు.

"దుర్గా, ఒకసారి లోపలికి రా."

"నేను రానండీ. ఇక దాన్ని చచ్చినా ముట్టుకోను."

"రామ్మా" అన్నాడు. అతను ఆ మాటతో పిలిచి చాలా ఏళ్లయింది. ఆమె దిగి వచ్చింది.

ఇంజన్ కింద కూర్చోబెట్టి, టార్చి పట్టుకుని, "దీన్ని తిప్పు. వేళ్లతోనే" అన్నాడు. ఆమె భయపడుతూనే పట్టుకుంది. నట్టు తిరిగింది. దాని మీది ఎర్ర గీత చూసి కనకదుర్గ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇది నేను పెట్టలేదండీ! అమ్మవారి మీద ఒట్టు. నేను పెట్టింది ఆ ఒక్కదానికే!"

"నువ్వు కాదు" అన్నాడు భీమారావు. "నేనే. బిగించకుండానే పెట్టాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత, వరసగా ఎర్ర గీతలతో మెరుస్తున్న నట్లన్నిటినీ చూసింది.

"మరి మిగతావి?"

భీమారావు టార్చిని ఒక్కో నట్టు మీదికీ తిప్పాడు.

"తెలీదు" అన్నాడు.

కనకదుర్గ చీర చెంగు నడుముకు దోపుకుని చెయ్యి చాపింది.

"ఆ రెంచ్ ఇటివ్వండి. మీరు టార్చి పట్టుకోండి."