చేతుల్లేని సూటు

మా అన్న యుద్ధవిమానం నడిపేవాడు. సెలవు మీద గద్వాలకు వస్తే మాత్రం అమ్మ చెప్పినట్టే పడి ఉండేవాడు. రెండువేల ఆరో, ఏడో, ఆ ఎండాకాలం ఇంటికి వచ్చిన మర్నాడు పెరట్లో స్నానం చేస్తుంటే అతని ముంజేతుల మీద సన్నటి ఎర్ర చుక్కలు అమ్మ కంటబడ్డాయి. వెంటనే చెంపలేసుకుంది.

"తల్లి పోసింది" అంది, ఆటలమ్మే అనుకుని.

ఇక ఇంటి తీరే మారిపోయింది. గుమ్మానికి వేపమండలు, చాప మీద వేపాకు, కూరకు పోపు బంద్. చీరలు నేసే అమ్మ గుంట మగ్గంలోకి దిగనే లేదు. తల్లి పోసిన మనిషి ఒంట్లో దేవత ఉంటుందని మావాళ్ళ నమ్మకం. అందుకని నిన్నటిదాకా "ఏరా" అని పిలిచిన కొడుకునే "చల్లగ సూడు తల్లీ" అని మొక్కేది. అన్న నవ్వాపుకోలేక గోడవైపు తిరిగేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఆ చుక్కలేమిటో నాకు చెప్పాడు గానీ అమ్మకు చెప్పలేదు.

మధ్యాహ్నాలు ఇల్లంతా నిద్రలో ఉన్నట్టుండేది. కిటికీలోంచి ఎండ పడి మగ్గం మీది పడుగు పోగులు మెరిసేవి. అన్న పడుకునే మెల్లగా చెప్పేవాడు. విమానం గిర్రున మలుపు తిరిగితే ఒంటి బరువు ఎన్నో రెట్లవుతుందట. రక్తమంతా కిందికి దిగి కళ్ళు మసకేస్తాయట. అందుకే వాళ్ళకొక సూటు ఇస్తారు. మలుపులో దాని తిత్తుల్లోకి గాలి చేరి కాళ్ళనూ పొట్టనూ గట్టిగా పట్టుకుంటుంది, రక్తాన్ని దిగనివ్వదు. చేతులకు మాత్రం ఏమీ ఉండదు. రక్తం నిండి అవి పగిలిపోతాయా అన్నంత నొప్పి. చర్మం కింద సన్నటి నరాలు చిట్లితే ఈ చుక్కలు. వింటూ వింటూ నేను ఆ పోగుల వెలుగులో ఎక్కడికో తేలిపోయేదాన్ని. కింద కృష్ణానది సన్నగా కనబడేది, ఊళ్ళు కనబడేవి కావు. నొప్పి మాటే మరిచిపోయేదాన్ని.

"అమ్మకు తెలిస్తే మళ్ళ పంపది" అనేవాడు. అదొక్కటే అతని భయం. ఎగరడం తప్ప ఇంకేదీ అక్కర్లేని మనిషి.

చుక్కలు వాడిపోయాయి. తల్లి దిగిపోతోందని అమ్మ వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోసింది. బిడ్డను కాపాడావని కన్నీళ్ళతో మొక్కుతుంటే అన్న ఉండబట్టలేకపోయాడు. తడి ఒంటితోనే అంతా చెప్పేశాడు.

అమ్మ చెంబు కింద పెట్టింది. సిగ్గుపడిందో, కోపమొచ్చిందో ముఖం చూస్తే తెలియలేదు. సూటు గురించి మళ్ళీ మళ్ళీ అడిగింది. కాళ్ళు సరే, పొట్ట సరే, చేతుల సంగతి ఎవరూ అనుకోలేదా అంది. విమానం నడపాలంటే చేతులు కదలాలి కదా అన్నాడు అన్న. ఆమె కొంగుతో అతని చేయి తుడిచింది. మణికట్టు దగ్గర రెండు చేతులా బిగించి పట్టుకుని, పట్టు వదలకుండా పైపైకి జరిపింది.

"గిట్ల పట్టుకుంటదా?"

"గిట్లనే. కాళ్ళకు."

ఇక పోవద్దంటుందనుకున్నాను. ఆమె మోచేతిదాకా పోయి మళ్ళీ మణికట్టు దగ్గర పట్టుకుంది.

"పో బిడ్డా" అంది చివరికి. "గని నొస్తే నొస్తదని జెప్పు. తల్లి చాటుకు దాసకు."

అన్న సరేనని తల ఊపలేదు. చేయి ఆమె చేతుల్లోనే ఉంచి, "నొస్తదమ్మా" అన్నాడు. "శాన నొస్తది."