ఓటమిని భరించే శక్తి

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పిన్ని. స్త్రీల కూడిక నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "నీ కోసం ప్రార్థన చేశారే ఇవ్వాళ" అంది.

నేను ఆ ఏడు పదో తరగతికి ప్రైవేటుగా కడుతున్నాను. అందుకేనేమోనని సంతోషించాను. "ఎవరు చేశారు పిన్నీ?"

"సంఘం కార్యదర్శిగారి భార్య. 'ప్రభువా, ఈ బిడ్డకి ఓటమిని భరించే శక్తి దయచెయ్యి' అని చేసింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అన్నాకగానీ నాకు వెలగలేదే!"

పరీక్షకి ఇంకా నాలుగైదు నెలలున్నాయి. అప్పుడే నన్ను తప్పించేసి, ఓదార్పు కూడా అడిగేసింది మహాతల్లి.

చిన్నప్పుడు జ్వరమొచ్చి నా కుడికాలు సన్నబడిపోయింది. హైస్కూలేమో కాలవ దాటి పామర్రు రోడ్డు మీద. అంచేత నా చదువంతా ఇంట్లోనే, మా అత్తయ్య దగ్గర. ఆవిడ నాన్నకి అక్క. మిషన్ బడిలో పంతులమ్మగా చేస్తూ, చూపు మసకబారి గడువుకి ముందే మానేసింది. పుస్తకం నేను పైకి చదవాలి, ఆవిడ వినాలి, ఆపైన ప్రశ్నలు వెయ్యాలి, నేను నోటితో జవాబు చెప్పాలి. ఏళ్ళ తరబడి మా బడి అదే. కార్యదర్శిగారి భార్య ఒకసారి మా అరుగు మీదే కూర్చుని, మా మజ్జిగే తాగుతూ, "మీ కళ్ళకి పేజీ కనపడదు, దానికి బడి కనపడదు. ఇంకేం పరీక్షండీ!" అని నవ్వింది. ఆవిడ కూతురు హైస్కూల్లో నా తరగతే చదువుతోంది.

నాన్న మాత్రం ఒక మాట తేల్చి చెప్పాడు. "ఒక్కసారే కడతానమ్మా. తప్పావా, పుస్తకాలు కట్టేసి కుట్టుమిషను నేర్చుకో."

పిన్ని చెప్పిన మాట విన్న పూట నేను మోకాళ్ళూని తెలివితేటలు అడగలేదు. ఆ కార్యదర్శిగారి భార్య మొహం మాడిపోవడం నా కళ్ళతో చూడనియ్యమని అడిగాను. అలా అడగకూడదనే నాకు నేర్పారు. అయినా అడిగాను. అడిగింది వినే దేవుడున్నందుకు ఇప్పటికీ వందనాలు చెప్పుకుంటాను.

మర్నాడే పాత ప్రశ్నపత్రమొకటి సంపాదించి, సాంఘికశాస్త్రం రాయడానికి కూర్చున్నాను. బియ్యం మిల్లు పొద్దుటి కూతకి మొదలుపెట్టి, మధ్యాహ్నం కూతకి ఆపాలని మా ఒప్పందం. అన్నీ వచ్చినవే. కానీ మధ్యాహ్నం కూత వినపడేసరికి సగం ప్రశ్నలు అలాగే ఉన్నాయి. వేళ్ళు కొంకర్లు పోయాయి. రాసింది చదివి వినిపిస్తే అత్తయ్య తల పట్టుకుంది.

"ఇది రాతేనటే? కబుర్లు చెబుతున్నావ్. తప్పు నాదేలే. నోటికి నేర్పాను, చేతికి నేర్పలేదు."

అంత చదువూ నాలిక మీదే ఉండిపోయిందని అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టలేదు. పరీక్ష పెట్టేవాళ్ళకి నా నాలికతో పనిలేదు.

ఆ రోజు నుంచి అత్తయ్య ప్రశ్నలు అడగడం మానేసింది. నేను రాస్తుంటే పక్కన పీట వేసుకుని, చింతపండు ఈనెలు తీస్తూ, నా పాళీ చప్పుడు వినేది. చప్పుడు ఆగితే చాలు, "ఏంటే, ఆగావ్?" అనేది.

"ఆలోచిస్తున్నా అత్తయ్యా."

"ఆలోచనంతా నువ్వు కూర్చోకముందే అయిపోవాలి. రాయి. ఆ కార్యదర్శిగారి భార్య ఎదురుగా కూర్చుని చూస్తోందనుకో."

అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నెలల్లో దేవుడి కన్నా ఎక్కువగా ఆవిడే నా కళ్ళముందుంది. లెక్క తప్పితే ఆవిడ నవ్వు వినపడేది, కొట్టేసి మళ్ళీ చేసేదాన్ని. కుట్టుమిషను మాట గుర్తొస్తే చేతి నొప్పి మరిచిపోయేదాన్ని. సంక్రాంతి వెళ్ళేసరికి కూతకి ముందే కలం కింద పెట్టి, రాసింది సరిచూసుకునే వ్యవధి మిగలసాగింది. మంచి శత్రువుని ఇచ్చినందుకు కూడా ప్రభువుకి స్తోత్రం.

పరీక్షలు బెజవాడలో. వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌను పైన మా చుట్టాల గదిలో దిగాం. కింద తోపుడుబళ్ళ వాళ్ళ కేకలు, పైన మా తుమ్ములు. రోజూ అత్తయ్య నాతో రిక్షాలో వచ్చి, గేటు బయట నీడన కూర్చునేది. "పాళీ ఆగనియ్యకు" అని తప్ప ఇంకే మాటా చెప్పేది కాదు.

ఫలితాలు పేపర్లో పడినరోజు నాన్న పామర్రు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, దిగకుండానే అన్నాడు: "మొదటి తరగతిలో ఉందమ్మా నీ నంబరు!" కుట్టుమిషను ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఆదివారం గుళ్ళో సాక్ష్యాలు చెప్పే సమయంలో గోడ పట్టుకుని లేచాను. "నాకు ఓటమిని భరించే శక్తి ఇమ్మని మన కూడికలో ప్రార్థన చేశారు. దేవుడు ఆ శక్తి నాకు ఇవ్వలేదు. నాకు అవసరం పడలేదు కాబట్టి అది ఆయన దగ్గరే అలాగే ఉంది. అడిగినవారికే దాన్ని దయచేయమని బతిమాలుతున్నాను" అన్నాను.

సాక్ష్యం అవగానే అందరూ స్తోత్రం చెప్పాలి, మా సంఘంలో అది ఆనవాయితీ. అందరూ చెప్పారు. కార్యదర్శిగారి భార్య వైపే చూస్తూ నిలబడ్డాను. పెదవులు బిగించుకుంది. పాస్టరు అయ్యగారు చూస్తున్నారు. చివరికి ఆవిడా చెప్పింది. ఆ స్తోత్రమంత తీపి వస్తువు నేను ఇంతవరకూ తినలేదు.

ఇంటికి వస్తూ అత్తయ్య నా భుజం పట్టుకుని నడుస్తోంది. "కచ్చ తీరిందా?" అంది.

"లేదత్తయ్యా. ఇంకా ఉంది."

"అయితే ఇంటరుకి కట్టు."

కట్టాను. పాసయ్యాను. ట్రైనింగయి, కూచిపూడి దగ్గర ఒక ఊళ్ళో పంతులమ్మనయ్యాను. ఆ మధ్యలోనే అత్తయ్య వెళ్ళిపోయింది. జీతం అందుకుంటూ నేను సంతకం పెట్టే పాళీ చప్పుడు ఆవిడ వినలేదు. మీలో ప్రార్థన చేసుకునే అలవాటున్నవాళ్ళు, ఏ పేరుతో ఏ దేవుణ్ణి పిలిచేవాళ్ళయినా సరే, ఒక్కసారి మా అత్తయ్యను తలుచుకోండి.