నా రక్తంలో ఫిట్స్ మందు

ఈ మధ్య బీదర్ హోటళ్ళలో చాయ్ పోసే కాగితం కప్పు చూస్తే, చెవిలో వేసుకోవడానికి ఇచ్చారేమో అనిపిస్తుంది. ఆ రోజుల్లో, అంటే నేను ఎం.ఫార్మసీ చదువుతూ లోకానికి నా అవసరం చాలా ఉందనుకునే రోజుల్లో, చాయ్ నిండు గ్లాసుల్లో వచ్చేది, నేను పొద్దస్తమానం తాగేవాణ్ణి. మా పనేమో, ఫిట్స్ ఉన్నవాళ్ళు మింగిన గోలీ ఒంట్లో విరిగి ముక్కలైతే, ఆ ముక్కల్ని రక్తంలో మిషిన్‌తో పట్టుకోవడం. పోల్చి చూడ్డానికి ఏ మందూ వాడని మనిషి రక్తం కావాలి. నేను ఉదారంగా చేయి చాపాను (కాలేజీ అనుమతి ఇచ్చింది కూడా నా ఒక్కడి చేతికే). కంప్యూటర్ మీద సాఫు గీత రావాలి. వచ్చింది, కాని సరిగ్గా మందు ముక్క కనిపించే చోట కోట బురుజులా పైకి లేచింది. సోమవారానికి సాఫు గీత చూపకపోతే నా థీసిస్ మళ్ళీ మొదటికి.

మా గైడ్ మేడం కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "నీకెప్పటి సంది వస్తున్నయి?"

"ఏంది మేడం?"

"ఫిట్స్. గోలీలు చాటుకు మింగుతున్నవు. సిగ్గేమున్నది దాంట్ల?"

నాకు నవ్వాగలేదు, ఒళ్ళంతా ఊగింది. వెనకున్న సీనియర్ అన్న (చిద్రిలో మా గల్లీయే, చర్చి కూడా ఒకటే) దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని బండి తాళాల గుత్తి నా గుప్పిట్లో కుక్కాడు. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగవని తన థీసిస్ మొదటి అధ్యాయంలో రాసింది ఈ అన్నే.

"ఇడువే అన్నా."

"మాట్లాడకు తమ్మీ, గట్టిగ పట్టుకో."

కబురు నాకంటే ముందే ఇల్లు చేరింది. "ఇన్నొద్దులు నాకు దాస్తివా బిడ్డా" అని అమ్మ పాస్టరయ్యను పిలిచి ఆదివారమంతా నాతో ఉపవాస ప్రార్థన చేయించింది. చాయ్ గిన్నె కడిగి బోర్లించింది. చాయ్ లేక తల పగిలిపోతుంటే పట్టుకు కూర్చున్నాను, అది చూసి పాస్టరయ్య ఇంకా గొంతు పెంచాడు. సోమవారం పొద్దున రక్తమిస్తే గీత స్కేలు పెట్టి కొట్టినట్టు వచ్చింది. అప్పుడు తెలిసింది, ఆ బురుజు కట్టింది చాయ్‌లోని కెఫీన్ అని. (రోగులూ చాయ్ తాగేవాళ్ళే గనుక తర్వాత మిషిన్ పద్ధతే మార్చాల్సి వచ్చింది, అది వేరే ఏడుపు.)

థీసిస్ గట్టెక్కింది. అమ్మ మాత్రం నా ఫిట్స్ తగ్గినయని ఏటేటా చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్తూనే ఉంది. నేనిప్పుడు పిల్లలకు ఇదే పాఠం చెప్పే సారును. మొన్న కాగితం మీద బురుజు గీసి, అమ్మకు అంతా ఓపికగా వివరించాను. గీస్తుంటే తాళాల గుత్తి పట్టుకుని నిలబడ్డ ఆ బక్క పిల్లగాడు గుర్తొచ్చి, వాడి మీద కొంచెం ముద్దు కూడా వచ్చింది. అమ్మ చివరిదాకా విని, చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది.

"మరి ఆ దినం నిన్ను చాయ్ తాగకుండ ఆపిందెవడ్రా?"