ఇద్దరి గోడ

1949లో ఓవర్సీర్‌గా మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు బదిలీ అయ్యాను. అక్కడ బజారు వెనక వీధిలో అయిదిళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఒకే ఇల్లులా ఉండేవి. సికింద్రాబాదులో తెల్లదొరలకు బంగళాలు కట్టిన గుత్తేదారు ఒకాయన, వాళ్ల దేశపు వరుస ఇళ్ల బొమ్మ చూసి కట్టించాడట. ఒకే చూరు, ఒకే ఎత్తు గుమ్మాలు, గుమ్మం గుమ్మం మీదా అర్ధచంద్రంలా రంగుటద్దాలు. వాటిని ఫ్యాన్‌లైట్లు అంటారు. పొద్దుటి మంచులో ఆ వరుస నీళ్లలో నీడలా మెల్లగా కదులుతున్నట్టు ఉండేది.

నడిమి ఇల్లు నర్సయ్యది. కోదాడలో వడ్ల వ్యాపారం. తల్లి లచ్చమ్మ పోయాక ఆ ఇల్లు కూల్చి మేడ కడతానని మా ఆఫీసును అనుమతి అడిగాడు. పక్కింటి ముసలామె సాయమ్మ వద్దని మొరపెట్టుకుంది. రెండిళ్ల దూలాలూ ఆనింది ఒకే గోడ మీద. దాన్ని పార్టీ వాల్ అంటాం. అది ఇద్దరిదీ, ఒక్కరు తీసేయడానికి లేదు. అయితే దానికి పైనుంచి కిందిదాకా బీట ఉంది. ప్రమాదమని నేను రాస్తే కూల్చవచ్చు.

"రేపు మీద పడితే ఎవరు జిమ్మేదార్ సార్?" అన్నాడు నర్సయ్య.

నర్సయ్య ఇంటి లోపల చల్లని చీకటి. గచ్చు మీద ఎర్రటి, పచ్చటి వెలుగు మరకలు. గోడ గుల్లబారిందో లేదో చప్పుడును బట్టి తెలుస్తుంది. వంటింట్లో సుత్తితో రెండు దెబ్బలు తట్టాను. అవతలి నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. మళ్లీ రెండు తట్టాను. మళ్లీ మూడు.

నర్సయ్య ముఖం పాలిపోయింది. "మా అమ్మ గిట్లనే తట్టేది సార్."

ఇద్దరం పక్కింటికి వెళ్లాం. చూపు ఆనని సాయమ్మ గోడకు అరచెయ్యి ఆనించి కూర్చుని ఉంది.

"ఉన్నవా అని లచ్చమ్మ తట్టేది, ఉన్న అని నేను తట్టేదాన్ని. గిప్పుడు తట్టిందెవరు బిడ్డా?"

తట్టింది నేను. కానీ నర్సయ్య ఆమె పక్కన చతికిలబడి, "నేనే పెద్దమ్మా" అన్నాడు.

ఆ వైపు నుంచి చూస్తే బీట లేనేలేదు. గోడ గట్టిది. నర్సయ్య ఇంటి కప్పు కారి, అతని వైపు సున్నపు పూత మాత్రమే పగిలింది. పుచ్చిన దూలాలు మార్పించుకుని, అతను ఆ ఇంటిని అట్లాగే ఉంచాడు.

తరువాత ఎన్ని ఇళ్లు పరీక్షించినా, గోడ అవతల ఎవరున్నారో చూడకుండా నేను కాగితం మీద సంతకం పెట్టలేదు.