రుచి రిజిస్టరులో నా సాహిత్యం

అరవై మంది పిల్లలకూ ఒక అధికారిణికీ ఒకే పూట, ఒకే గిన్నె సాంబారుతో కన్నీళ్ళు తెప్పించిన మనిషిని మీరు చూసి ఉండరు. నేనే ఆ మనిషిని. నవ్వుకోండి, పరవాలేదు. మా కాలనీలో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది గుంటూరు వైపు. ఉద్యోగం కోసం వచ్చి మేడ్చల్ దాటాక ఒక కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నాం. మా అమ్మాయి లాస్యను పక్కనే ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చేర్పించాం. ఏ ఊరి బడో చెప్పను, ఆ బడికి పరువుంది. ఒకరోజు ఆఫీసుకు సెలవు పెట్టి, లాస్యకు బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకుందామని వెళ్ళాను. సరిగ్గా అప్పుడే బడి కమిటీ ఎన్నిక జరుగుతోంది. తల్లిదండ్రులందరూ చాపల మీద కూర్చున్నారు. నేను కుర్చీ కోసం అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను. నిలబడింది నేనొక్కణ్ణే కదా, "ఇగ గీ సారే చైర్మన్" అని ఎవరో అన్నారు. అందరూ చేతులెత్తారు. సర్టిఫికెట్ కోసం వెళ్ళినవాణ్ణి పదవితో తిరిగొచ్చాను.

హెడ్మాస్టరు స్వరూప మేడం నా బాధ్యతలు వివరించారు. బడి మానేసిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాలి. నల్లా పాడైతే, గోడ పడిపోతే పంచాయతీ చుట్టూ తిరగాలి. ఇవన్నీ విని నా మొహం వాడిపోయింది. చివరగా ఆవిడ ఒక అట్టల పుస్తకం చేతికిచ్చారు.

"మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించేముందు కమిటీ నుంచి ఒకరు రుచి చూడాలె సార్. చూసి ఇందులో రాయాలె."

నా మొహం మళ్ళీ వికసించింది. తినడం, తిన్నదాని గురించి మాట్లాడటం! నేను పుట్టిందే ఇందుకనిపించింది. మా ఆఫీసు షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి కాబట్టి రోజూ ఆ పని నేనే చేస్తానన్నాను.

పుస్తకం తిరగేశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకూ ఒకటే మాట. బాగుంది. బాగుంది. బాగుంది. కింద సంతకాలు, వేలిముద్రలు. ఇదేం రాతండీ? ఒక్కరికైనా నాలుక లేదా? తెలుగు భాషలో ఇంకో మాటే లేదా? ఆ రోజే నేను నడుం బిగించాను.

మొదటి రోజు రాశాను: "పప్పు మెత్తగా, మర్యాదగా ఉన్నది. మరీ అంత మర్యాద పప్పుకు పనికిరాదు." రెండో రోజు: "సాంబారులో కారం ఉన్నదని విన్నాను. నేను కలుసుకోలేకపోయాను." మూడో రోజు: "వంకాయ కూర తిన్నాను. వంకాయకు ఆ సంగతి తెలిసినట్టు లేదు."

ఇంటికెళ్ళి మా ఆవిడ పద్మకు చదివి వినిపించేవాణ్ణి.

"ఏవండీ, అది సర్కారు రిజిస్టరండీ, మీ డైరీ కాదు," అనేది పద్మ.

"సర్కారుకు మాత్రం సరదా ఉండకూడదా?"

"పాపం ఆ వంటావిడ చదివితే?"

"ఆవిడకు చదువు రాదులే."

ఈ ఒక్క మాటకే నన్ను నాలుగు తన్నాలి. అప్పుడు ఎవరూ తన్నలేదు. నెల రోజులు నా సాహిత్య సేవ నిరాటంకంగా సాగింది.

వంటావిడ పేరు యాదమ్మ. బడి మొదలుకాకముందే పొయ్యి రాజేసేది. పొయ్యి దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. నేను రుచి చూసి తల పంకిస్తుంటే, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ "ఎట్లుంది సారు?" అని అడిగేది. నేను పెద్దమనిషిలా నవ్వి పెన్ను తీసేవాణ్ణి. ఆవిడకు చెప్పింది లేదు, అడిగింది లేదు.

ఒక సోమవారం స్వరూప మేడం నన్ను పక్కకు పిలిచారు. మొహంలో నెత్తురు లేదు.

"సార్, రిజిస్టర్ పైఆఫీసుల చదివిండ్రు. ఇన్ని రిమార్కులా అని మస్తు గరమైండ్రు. బుధవారం ఆ ఆఫీసు మేడమే వస్తాంది. వంట బాగలేకుంటె యాదమ్మను తీసేస్తరట."

"అయ్యో, అవి రిమార్కులు కాదండీ, సరదాకి..."

"సరదా అని బ్రాకెట్ల రాయలేదు కద సార్," అన్నారావిడ.

వెనక్కి తిరిగితే యాదమ్మ నిలబడి ఉంది. ఐదో తరగతి పిల్లల చేత రిజిస్టరంతా చదివించుకుందట. కోప్పడినా బాగుండేది.

"నేనేం తప్పు జేసిన సారు? రోజూ మిమ్ముల అడుగుతనే ఉంటి గద, ఎట్లుందని. గప్పుడు జెప్పకపోతిరి. నా బిడ్డ కాలేజీ చదువు గీ పొయ్యి మీదనే నడుస్తాంది."

"నేను చూసుకుంటాను యాదమ్మా, నీ ఉద్యోగానికి నాది పూచీ," అన్నాను. ఇక్కడితో ఆగి ఆ అధికారిణికి నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నేను చైర్మన్ని కదండీ, నాకు ఉపాయం తట్టింది.

సాంబారు అదిరిపోతే అధికారిణి మెచ్చుకుంటుంది. సాంబారు అదరాలంటే కారం కావాలి. మా అత్తగారు పంపిన గుంటూరు కారం ఇంట్లో సీసా నిండా ఉంది. ఇందులో తప్పెక్కడుందో ఆ రోజు నాకు నిజంగా కనిపించలేదు.

బుధవారం పొద్దున పేపరు పొట్లంలో కారం కట్టి, తెల్ల చొక్కా జేబులో పెట్టుకుని బయల్దేరాను. రుచి చూసే వంకతో పొయ్యి దగ్గరికి చేరాను. యాదమ్మ అన్నం వార్చడానికి అటు తిరిగింది. నేను పొట్లం విప్పి ఒక చెంచా వేశాను. రుచి చూశాను. ఏమీ తేడా లేదు. ఇంకో చెంచా వేశాను. చప్పగానే ఉంది. ఇదేం సాంబారురా నాయనా అనుకుని మూడోది, నాలుగోది... చివరికి పొట్లం దులిపేశాను.

మీలో వంట తెలిసినవాళ్ళు ఈపాటికి తల బాదుకుంటూ ఉంటారు. గిన్నె చూస్తే నీళ్ళ గాబంత ఉంది. నేను కారం వేసింది ఒక మూల, రుచి చూసింది ఇంకో మూల. కలపాలన్న జ్ఞానం లేదు. ఆ తర్వాత యాదమ్మ వచ్చి పెద్ద గరిటెతో అడుగు నుంచి మూడుసార్లు కలిపింది.

అధికారిణి వచ్చారు. మంచావిడలాగే ఉన్నారు, పిల్లల పక్కనే నేల మీద కూర్చుని పళ్ళెం, ఇక్కడివాళ్ళ మాటలో తట్ట, ముందు పెట్టుకున్నారు. వడ్డన అయింది. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళింది. నేను గర్వంగా చూస్తున్నాను.

ఒకటో తరగతి పాప ఒకతి లేచి నిలబడి, "మేడం! సాంబారు కరిచింది!" అని బావురుమంది.

అంతే, వరండా అంతా ఏడుపులే. నీళ్ళు నీళ్ళు అని నల్లా దగ్గరికి పరుగులు. అధికారిణి కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది. దగ్గు ఆపుకుంటూ అడిగారు.

"యాదమ్మా! ఏందిది?"

యాదమ్మ గరిటె అంచుకు నాలుక తగిలించి చూసింది. తర్వాత నన్ను చూసింది. నా తెల్ల చొక్కా జేబు కింద అరచేతి మేర ఎర్రటి మరక. ఆవిడకు అంతా అర్థమైంది. అందరి ముందూ నన్ను చూపించి ఒక్క మాట అంటే సరిపోయేది.

"చెయ్యి జారింది మేడం. తప్పు నాదే," అంది యాదమ్మ.

అధికారిణి పెన్ను మూత తీశారు. నేను జేబు కింది మరకను చేత్తో కప్పుకున్నాను. అప్పుడు నల్లా దగ్గర్నుంచి మా లాస్య, నాలుక బయటపెట్టుకుని వస్తూ గట్టిగా అరిచింది. "డాడీ! మా అమ్మమ్మ కారం గిట్ల ఏసినవా ఏంది?"

ఇంక దాచి ఏం లాభం? చేతులు కట్టుకుని ముందుకు వెళ్ళాను.

"మేడం, జారింది ఆమె చెయ్యి కాదు. నాది. అదీ జారలేదు, కావాలనే వేశాను."

"మీరెవరు?"

"చైర్మన్నండీ."

"రిజిస్టర్ల ఈ రాతలన్నీ..."

"అవీ నేనేనండీ."

"అంటే బాగలేదని రాసింది మీరే, బాగలేకుండ జేసిందీ మీరే!"

కమిటీ బాధ్యతలను ఇంత క్లుప్తంగా ఎవరూ నాకు వివరించలేదు.

ఈలోగా యాదమ్మ ఆగలేదు. పక్కనే బర్రెలున్న ఇంటికి పరుగెత్తి బకెట్ నిండా మజ్జిగ తెచ్చింది. ఉడకబెట్టిన గుడ్లు ఎలాగూ ఉన్నాయి. చిన్నపిల్లలకు తానే మజ్జిగన్నం కలిపి పెట్టింది. ఏడుపులు ఆగాయి. అప్పుడు అధికారిణి అడిగారు.

"మామూలు రోజులల్ల సప్పగనే వండుతవా?"

"సప్పగనే మేడం. ఒకటో తరగతి పోరగాండ్లు ఐదేండ్లోళ్ళు. జర కారమైతే తట్ట వదిలి నీళ్ళు తాగి లేస్తరు, ఆకలితోనే ఇంటికి వోతరు. గందుకే గట్ల వండుత. పెద్దపిల్లలకు మా ఇంట్లకెళ్ళి పచ్చడి దెచ్చి ఏస్త."

నెల రోజులు ఆ సాంబారు మీద అన్ని మాటలు రాశాను. ఎందుకిలా వండుతున్నావని ఒక్కసారి అడిగితే ఒక్క నిమిషంలో తెలిసేది. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

అధికారిణి మజ్జిగన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, రిజిస్టరు తీసుకుని రాశారు. నా రాతలకంటే చిన్నదే గానీ బాగా పేలింది: "వంటమనిషిని మార్చనవసరం లేదు. చైర్మన్ గారిని పొయ్యికి పదడుగుల దూరంలో ఉంచవలెను."

మర్నాడు యాదమ్మకు క్షమాపణ చెప్పాలని రాత్రంతా పెద్ద ఉపన్యాసం తయారు చేసుకున్నాను. పది అడుగుల దూరంలో నిలబడి, "యాదమ్మ గారూ..." అన్నాను. ఆవిడ గిన్నెలో సాంబారు పోసుకుని నా దగ్గరికే వచ్చింది. ఇస్తుందని చెయ్యి చాపితే, గిన్నె వెనక్కి తీసుకుంది.

"ఆగుండ్రి సారు. ముందుగాల జేబులు సూపియ్యుండ్రి."

చూపించాను. అప్పటి నుంచి రోజూ చూపిస్తూనే ఉన్నాను. పిల్లలు వరసలో నిలబడి ఆ తనిఖీ పూర్తయ్యేదాకా తట్టలు పట్టుకోరు.

కనుక పాఠకులారా, మా అత్తగారి కారం సీసా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఆ రిజిస్టరులో నేను ఒక్క మాటే రాస్తాను, అదీ వండినావిడను అడిగి, పిల్లల పక్కన కూర్చుని తిన్న తర్వాతే. బాగుంది. ఇట్లు, ఖాళీ జేబుల చైర్మన్.